బార్బడోస్‌లో ఒకరి ఇంటి తోట: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత నెల సంచికలో బార్బడోస్ ద్వీపంలోని హంట్స్ గార్డెన్స్ గురించి చిన్న పరిచయం రాశాను. సెయింట్ జోసెఫ్ పారిష్‌లో (పారిష్ అంటే అక్కడి పాలనా విభాగం), ఒకప్పటి చెరకు ఎస్టేటు భూమిలో, నేల కుంగి ఏర్పడిన లోతైన గొయ్యి చుట్టూ, దాని అడుగునా ఆంథొనీ హంట్ అనే ఉద్యానవేత్త సొంత అభిరుచితో తీర్చిదిద్దిన తోట అది. ఆ పరిచయం చదివినవారు రాసిన ఉత్తరాలలో నుంచి కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు బ్రిడ్జ్‌టౌన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. జనవరిలో మూడు వారాలు వారి దగ్గర ఉండబోతున్నాము. ఒకరి ఇంటి పెరడు చూడటానికి టికెట్టు కొనుక్కుని వెళ్ళడం నాకు వింతగా ఉంది. అక్కడ ప్రభుత్వ ఉద్యానవనాలు లేవా? పైగా మావారికి మోకాళ్ళ నొప్పులు. గొయ్యిలోకి దిగి ఎక్కగలరా?

సమాధానం: కరీబియన్‌లో ప్రభుత్వ ఉద్యానవనాలు లేకపోలేదు. బార్బడోస్‌కు పశ్చిమాన ఉన్న సెయింట్ విన్సెంట్ ద్వీపంలోని ఉద్యానవనం 1765లో మొదలైంది. పశ్చిమార్ధగోళంలో అంతకంటే పాతది లేదు. అయితే అలాంటివి పుట్టిన అవసరం వేరు. మందుకూ, తిండికీ, వ్యాపారానికీ పనికివచ్చే మొక్కలను ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించి, అక్కడ బతికించి, ఎస్టేట్లకు పంచడం వాటి పని. కెప్టెన్ విలియం బ్లై తహితి నుంచి ఓడలో తెచ్చిన కూరపనస మొక్కలను 1793లో దింపిన చోట్లలో సెయింట్ విన్సెంట్ ఒకటి. బానిసలకు చవకగా కడుపు నింపే తిండి కోసం ఎస్టేటు యజమానులు ఆ మొక్కను కోరుకున్నారు. కనుక అటువంటి తోటలో వరుసలు, విభాగాలు, పేరు పలకలు ప్రధానం.

ఒక మనిషి తన ఇంటి చుట్టూ పెంచుకున్న తోటలో మొట్టమొదట కనిపించేది ఆ మనిషి చూపు. హంట్స్ గార్డెన్స్‌లో ఒక మలుపు తిరగగానే ఆకుల గుబురు మధ్య ఒక కుర్చీ ఎదురవుతుంది. అందులో కూర్చున్నాక గాని, అక్కడి నుంచి ఏ కొమ్మల సందులో ఏది కనపడాలో ఒకరు ఎంతో కాలం ఆలోచించి ఆ కుర్చీ వేశారని అర్థం కాదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చెట్ల మధ్య సన్నగా వినిపిస్తూ ఉంటుంది. ఆ సంగీతం తోటకు అక్కరలేదని అనేవారూ ఉన్నారు. నాకు మాత్రం అది ఇంటివారి ఇష్టంగానే తోచింది, ఇంటివారి ఇష్టాలను చూడటానికే కదా ఒకరి ఇంటికి వెళ్తాము. మీరు ఇచ్చే టికెట్టు డబ్బు మీదనే అటువంటి తోటలు చాలావరకు నిలుస్తాయి. ఉష్ణమండలంలో ఒక్క నెల కత్తెర పడకపోతే దారి కనిపించకుండా తీగలు అల్లుకుంటాయి. ఆ పనికి మనుషులు కావాలి, వారికి జీతాలు కావాలి.

ఇక మీవారి మోకాళ్ళ సంగతి. తోటంతా ఒకే మట్టంలో లేదు. మెట్లు ఉన్నాయి, దారులు వంపులు తిరుగుతూ దిగుతాయి, వాన పడితే నాచు వల్ల కాలు జారుతుంది. కాని తోటంతా తిరగనిదే చూసినట్టు కాదన్న నియమమేమీ లేదు. పై అంచు నుంచి కిందికి చూస్తే, అడుగున మొలిచి వెలుగు కోసం నిటారుగా పైకి సాగిన చెట్ల తలలు మీ కంటి ఎత్తున ఉంటాయి. కిందికి దిగినవారికి ఆ దృశ్యం ఉండదు. మీరు అడుగుదాకా వెళ్ళి వచ్చేవరకు ఆయన మధ్యలో ఒక కుర్చీలో కూర్చోవచ్చు. దిగడం కంటే ఎక్కడం సులువని మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి తెలుసు గనుక, దిగేటప్పుడు చేతికర్ర తప్పక ఉంచుకోమనండి.

ప్రశ్న: నేను పదవ తరగతి విద్యార్థిని. గొయ్యిలో తోట అంటే వానాకాలంలో అది చెరువు అయిపోదా? అసలు అంత పెద్ద గొయ్యి ఎలా పడింది? అగ్నిపర్వతం నోరా?

సమాధానం: చాలా మంచి ప్రశ్న. తోటకు వెళ్ళే పెద్దలు కూడా పూలను చూసినంత శ్రద్ధగా నేలను చూడరు, నిజానికి ఆ తోట రహస్యమంతా నేలలో ఉంది.

అగ్నిపర్వతం కాదు. పశ్చిమాన ఉన్న సెయింట్ లూషియా, మార్టినిక్ వంటి ద్వీపాలు అగ్నిపర్వతాల వల్ల పుట్టాయి. బార్బడోస్ వాటికి దూరంగా, తూర్పున అట్లాంటిక్ వైపు ఒంటరిగా ఉంటుంది. అట్లాంటిక్ అడుగున ఉన్న భూఫలకం కరీబియన్ ఫలకం కిందికి చొచ్చుకుపోయేటప్పుడు దాని మీద పేరుకున్న మట్టి, ఇసుక పొరలు గీకుకుపోయి ఒకచోట కుప్పపడ్డాయి. నాగలి ముందు మట్టి పోగుపడినట్టు ఊహించుకో. ఆ కుప్ప మెల్లమెల్లగా పైకి లేచి సముద్రపు పైమట్టాన్ని సమీపించినప్పుడు దాని మీద పగడపు జీవులు కాపురం పెట్టాయి. తరతరాల పగడాల అస్థిపంజరాలు సున్నపురాయిగా మారాయి. నేడు ద్వీపంలో సుమారు 85 శాతం నేల మీద ఆ పగడపు సున్నపురాయి టోపీలాగా కప్పి ఉంది. ఈశాన్యాన స్కాట్లండ్ డిస్ట్రిక్ట్ అని పిలిచే ప్రాంతంలో మాత్రం ఆ టోపీ కోసుకుపోయి, కింది పాత పొరలు బయటపడ్డాయి.

ఇప్పుడు వాన నీటి సంగతి చూద్దాం. వాన చినుకు గాలిలో నుంచీ, ఆ తరువాత మట్టిలో నుంచీ కార్బన్ డయాక్సైడును కలుపుకుని చాలా పలుచని ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం సున్నపురాయి పగుళ్ళలో దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగించి, వేల సంవత్సరాలలో గుహలను తొలుస్తుంది. హంట్స్ గార్డెన్స్‌కు కొద్ది దూరంలో, సెయింట్ థామస్ పారిష్‌లో ఉన్న హారిసన్స్ కేవ్‌లోకి వెళితే ఆ తొలిచే పని నేటికీ సాగుతూనే ఉండటం చూడవచ్చు. గుహ పైకప్పు పలుచనై తన బరువును తాను మోయలేనప్పుడు కూలిపోతుంది. అలా కూలిన చోట గుండ్రని గొయ్యి గాని, వరుసగా కూలితే పొడవాటి ఇరుకు లోయ గాని ఏర్పడుతుంది. మన తోట అటువంటి గొయ్యిలోనే ఉంది.

నీరు నిలవకపోవడానికీ ఆ రాయే కారణం. అడుగు కూడా సున్నపురాయి కావడం వల్ల పడిన నీరు పగుళ్ళలో ఇంకిపోతుంది. బార్బడోస్‌లో పెద్ద నదులు లేకపోవడానికీ, ఆ దేశం తాగునీటికి ప్రధానంగా భూగర్భ జలం మీద ఆధారపడటానికీ కారణం ఇదే. నీరు వెళ్ళిపోతుంది, కాని అది మోసుకొచ్చిన మట్టీ, రాలిన ఆకుల ఎరువూ అడుగున మిగులుతాయి. అట్లాంటిక్ మీదుగా వీచే వ్యాపార పవనాలు ఉప్పును మోసుకువస్తాయి, పెద్ద ఆకులను చీల్చేస్తాయి. గొయ్యి గోడలు ఆ గాలిని ఆపుతాయి. లోపల తేమ నిలుస్తుంది, నడినెత్తి మీద సూర్యుడు ఉన్నప్పుడే ఎండ అడుగుదాకా చేరుతుంది. మెత్తని మట్టి, నీడ, తేమ, గాలి లేని చోటు — హెలికోనియాలూ, అల్లం జాతి మొక్కలూ, ఆంథూరియంలూ అడవిలో పెద్ద చెట్ల కింద వెతుక్కునేది సరిగ్గా ఇదే. నీవు వెళ్ళే అవకాశం ఎప్పుడైనా వస్తే, లోపలికి అడుగు పెట్టగానే పక్కనున్న రాతిగోడను దగ్గరగా పరిశీలించు. పగడపు గుర్తులు కనిపించవచ్చు.

ప్రశ్న: ఉష్ణమండలపు తోట అంటున్నారు, కాని మీ వ్యాసంలో పేర్కొన్న మొక్కల్లో సగం మా పెరట్లోనే ఉన్నాయి. దేవగన్నేరు, బోగన్‌విల్లా, క్రోటన్లు, మందారం చూడటానికి అంత దూరం వెళ్ళాలా? అక్కడివంటూ ప్రత్యేకమైన మొక్కలు లేవా?

సమాధానం: మీ పెరటిలోని మొక్కలు అక్కడ ఉన్నాయన్నారు. అందులో కొన్ని అక్కడి నుంచే మీ పెరటికి వచ్చాయి. దేవగన్నేరు జన్మస్థలం అమెరికా ఉష్ణమండలం. తెల్ల పూల జాతి ఒకటి కరీబియన్ ద్వీపాలలో రాళ్ళ మధ్య తనంతట తాను మొలుస్తుంది. 17వ శతాబ్దంలో ఆ ద్వీపాలలో తిరిగి మొక్కలను వర్ణించిన ఫ్రెంచి సన్యాసి షార్ల్ ప్లూమియే పేరు మీదనే దానికి ప్లుమేరియా అన్న శాస్త్రీయ నామం వచ్చింది. గుడి ప్రాంగణంలో దాన్ని చూస్తూ పెరిగిన మనకు అది పరదేశి అంటే మనసు ఒప్పదు. శివాలయాలలో భక్తితో పెంచే నాగలింగం చెట్టు కూడా దక్షిణ అమెరికాదే. బొప్పాయి, జామ, సీతాఫలం కూడా అటునుంచి వచ్చినవే.

అటు వెళ్ళినవీ ఉన్నాయి. మందారం, క్రోటన్లు ఆసియా, పసిఫిక్ ప్రాంతాలవి. ఎర్రగా మంటలా కనిపించే తురాయి, విసనకర్రలా విచ్చుకునే ట్రావెలర్స్ పామ్ మడగాస్కర్‌వి. ఎర్ర అల్లం పువ్వు, టార్చ్ జింజర్ ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవుల వైపువి. కనుక బార్బడోస్‌లో ఒక తోటలో నిలబడి చుట్టూ చూస్తే, ఓడల మీద నాలుగు వందల ఏళ్ళు సాగిన రాకపోకల చరిత్రంతా ఆకుల రూపంలో మీ ఎదుట ఉంటుంది. ఆ రాకపోకలలో కొత్త మొక్కలు పుట్టిన సందర్భం కూడా ఉంది: ఆగ్నేయాసియా నుంచి వెళ్ళిన పంపరపనసకూ, బత్తాయి జాతి నారింజకూ మధ్య సహజంగా సంకరం జరిగి గ్రేప్‌ఫ్రూట్ అవతరించినది బార్బడోస్‌లోనేనని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. గ్రిఫిత్ హ్యూస్ అనే మతాచార్యుడు 1750లో ప్రచురించిన ఆ ద్వీపపు ప్రకృతి చరిత్రలో దానిని 'నిషిద్ధ ఫలం' అన్న పేరుతో వర్ణించాడు.

ప్రత్యేకంగా అక్కడివి చూడాలంటే మూడింటి మీద దృష్టి పెట్టండి. మొదటిది గడ్డపు మర్రి. కొమ్మల నుంచి ఊడలు గడ్డంలా వేలాడే ఈ చెట్టు బార్బడోస్ జాతీయ చిహ్నంలో ఉంది. పోర్చుగీసు నావికులు ఈ ఊడలను చూసే ద్వీపానికి 'గడ్డాలవాళ్ళు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారని చాలామంది చెబుతారు. రెండవది హెలికోనియా. దూరం నుంచి అరటి మొక్క అనిపిస్తుంది, ఆకులు అలాగే ఉంటాయి. ఎర్రగా, నారింజ రంగులో మెరిసేవి రేకులని పొరపడతాము, అవి పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వులను కప్పి ఉంచే, రూపు మారిన ఆకులు. అసలు పువ్వులు చిన్నవి, ఆ పడవల వంటి పుచ్ఛాల లోపల దాక్కుని ఉంటాయి. ముక్కు లోపలికి దూర్చగల హమ్మింగ్‌బర్డ్ కోసమే ఆ అమరిక. సెయింట్ లూషియా, డొమినికా ద్వీపాలలో ఊదారంగు గొంతు గల ఒక హమ్మింగ్‌బర్డ్ జాతిలో మగపక్షి ముక్కు పొట్టిది, ఆడపక్షి ముక్కు పొడవై ఎక్కువ వంపు తిరిగినది. మగది ఒక హెలికోనియా జాతికి, ఆడది మరొక జాతికి అలవాటు పడ్డాయి. పువ్వూ ముక్కూ ఒకదానికొకటి కొలత తీసుకున్నట్టు మారుతూ వచ్చాయన్నమాట. బార్బడోస్‌లో మీకు కనిపించేవి పచ్చగొంతు కారిబ్, జుట్టుపిట్టలా తల మీద కుచ్చు గల చిన్న హమ్మింగ్‌బర్డ్. ఒక హెలికోనియా గుబురు ఎదుట కదలకుండా పావుగంట నిలబడితే రాకుండా ఉండవు. నడుస్తూ వెతికేవారికి అవి దొరకవు.

మూడవది పువ్వు కాదు, పురుగు. దేవగన్నేరు ఆకులను తింటూ ఆరంగుళాల దాకా పెరిగే గొంగళి ఒకటి కనిపిస్తుంది: నల్లని ఒంటి మీద పసుపు పట్టీలు, ఎర్రని తల. చెట్టు ఆకులన్నీ పోయి మోడులా ఉంటే తెగులని అనుకోవద్దు. ఆ గొంగళి పెద్ద చిమ్మటగా మారి వెళ్ళిపోతుంది, చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. చూడండి, ముట్టుకోవద్దు.

ఇంకొక మాట. ఆ దేశపు జాతీయ పుష్పం 'ప్రైడ్ ఆఫ్ బార్బడోస్', అంటే మన రత్నగంధి. అక్కడ దాన్ని చూసినప్పుడు 'ఇది మా ఊళ్ళోనూ ఉంది' అని పక్కకు తప్పుకోకుండా, అక్కడివారు దానికి ఏ పేరు పెట్టుకున్నారో గుర్తు చేసుకుంటూ మరొకసారి చూడమని నా కోరిక.

ప్రశ్న: మీరు 'ఒకప్పటి చెరకు ఎస్టేటు' అని ఒక్క మాటలో దాటవేశారు. ఆ ఎస్టేట్లలో పనిచేసినవారు బానిసలు. ఆ నేల మీద పూలు చూసి ఆనందించడం సబబా? చరిత్ర అధ్యాపకునిగా ఈ ప్రశ్న అడుగుతున్నాను.

సమాధానం: మీ ఆక్షేపణ న్యాయమైనది. ఒక్క మాటలో దాటవేయడం నా తప్పు.

ఇంగ్లీషువారు బార్బడోస్‌లో స్థిరపడింది 1627లో. 1640ల నుంచి చెరకు సాగు విస్తరించింది. కొద్ది దశాబ్దాలలోనే ద్వీపాన్ని కప్పిన అడవి దాదాపు అంతా నరికివేతకు గురైంది. ఆ సాగు కోసం ఆఫ్రికా నుంచి లక్షలాది మందిని బంధించి తెచ్చారు. వారిని ఆస్తిగా నిర్వచించి, వారి మీద హింసకు చట్టబద్ధత కల్పించిన 1661 నాటి బార్బడోస్ చట్టం తరువాత ఇతర ఇంగ్లీషు వలసలకు నమూనా అయింది. 1816లో బుస్సా అనే బానిస నాయకత్వాన తిరుగుబాటు జరిగింది. బానిసత్వం 1834లో రద్దయినా, 'అప్రెంటిస్‌షిప్' పేరుతో వారిని 1838 వరకు పనిలో కట్టిపడేశారు. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన రెండు కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు చేరింది, బానిసలుగా బతికినవారికి ఏమీ దక్కలేదు. నేటి బార్బడోస్ ప్రజలలో అత్యధికులు వారి సంతానమే. 2021 నవంబరు 30న ఆ దేశం బ్రిటిష్ రాచరికాన్ని వదులుకుని గణతంత్రంగా మారింది.

ఇక తోట సంగతికి వస్తే, ఈ గోతులకూ లోయలకూ చరిత్రలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. వాటి గోడలు నిటారుగా ఉండటం వల్ల చెరకు నాటడానికి వీలు కాలేదు. చదును నేలంతా ఎస్టేటు చేతుల్లోకి పోయినప్పుడు, స్థానిక మొక్కలు కొన్ని ఈ లోయల్లో తలదాచుకున్నాయి. సెయింట్ ఆండ్రూ పారిష్‌లో సుమారు 50 ఎకరాల టర్నర్స్ హాల్ వుడ్స్ అనే అడవి తునక, ఈ లోయలు — పాత అడవికి మిగిలిన ఆనవాళ్ళు ఇవే. వెల్చ్‌మన్ హాల్ గలీ అనే లోయను బార్బడోస్ నేషనల్ ట్రస్ట్ సంరక్షిస్తోంది. అందులో నడిస్తే చెరకు రాక ముందరి ద్వీపం ఎలా ఉండేదో కొంత ఊహించవచ్చు.

మనుషులు తమతో తెచ్చుకున్న మొక్కలను కూడా మరువరాదు. మన కంది ఆఫ్రికా మీదుగా బానిస ఓడల కాలంలో కరీబియన్ చేరింది. జొన్న ఆఫ్రికా నుంచే వెళ్ళింది. ఆ రెండింటితో, ఉప్పు వేసి నిలవబెట్టిన మాంసంతో కలిపి వండే 'జగ్‌జగ్' అనే వంటకం బార్బడోస్‌లో క్రిస్మస్‌కు చేస్తారు. అలంకారపు తోటలో కంది మొక్క మీకు కనపడకపోవచ్చు. దారిలో ఇళ్ళ పక్కన కనబడుతుంది.

ఆనందించడం సబబా అన్నారు. చూడకుండా ఉండటం వల్ల ఎవరికీ న్యాయం జరగదని నేను నమ్ముతాను, అయితే తోట ఒక్కటే చూసి తిరిగి రావడం అరకొర చూపు. క్రైస్ట్ చర్చ్ పారిష్‌లో న్యూటన్ అనే చోట, బానిసలుగా మరణించిన సుమారు 570 మందిని ఖననం చేసిన నేల ఉంది. అక్కడ పూల మడులు లేవు, మైదానం ఉంది. తోటకు వెళ్ళే వారంలోనే అక్కడికీ వెళ్ళి కొంతసేపు నిలబడమని నా పాఠకులందరినీ ప్రార్థిస్తున్నాను.

ప్రశ్న: తోటలో ఒక చిన్న కొమ్మో, నాలుగు గింజలో, అల్లం కొమ్ము వంటి దుంప ముక్కో అడిగితే ఇస్తారా? సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకోవాలని ఉంది.

సమాధానం: వారు ఇచ్చినా తేవద్దు. మొక్కలూ విత్తనాలూ విదేశాల నుంచి తేవడానికి, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, ముందుగా దిగుమతి అనుమతి పత్రమూ, ఎగుమతి చేసే దేశపు అధికారులు ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. ఇది కాగితాల చాదస్తం కాదు. మెక్సికో ప్రాంతానికి చెందిన బొప్పాయి పిండినల్లి 1990లలో కరీబియన్ దీవులంతటా పాకి, 2008లో కోయంబత్తూరులో బయటపడి, బొప్పాయి తోటలతోపాటు మల్బరీని కూడా నాశనం చేసింది. దాన్ని అదుపు చేయడానికి ప్యూర్టోరికో నుంచి దాని సహజ శత్రువైన బుల్లి కందిరీగను 2010లో తెప్పించవలసి వచ్చింది. ఇదే విపత్తు ఎదురుదిక్కునా జరిగింది: ఆసియాకు చెందిన గులాబి రంగు పిండినల్లి 1994లో కరీబియన్‌లోని గ్రెనడా ద్వీపం చేరి అక్కడి మందారాలను ఎండబెట్టింది. ఈ పురుగులు ఎవరో దురుద్దేశంతో పంపినవి కావు. మీరు తేవాలనుకునే నాలుగంగుళాల కొమ్మ వంటిదే ఏదో వాటికి వాహనమై ఉంటుంది.

ప్రశ్న: ఏ నెలలో, ఏ వేళకు వెళ్ళాలి? వెంట ఏం తీసుకువెళ్ళాలి? టికెట్టు ధర రెండు చోట్ల రెండు రకాలుగా కనిపించింది, ఏది నిజం?

సమాధానం: డిసెంబరు నుంచి మే దాకా పొడి కాలం, జూన్ నుంచి నవంబరు దాకా వానలు, హరికేన్ తుఫానుల కాలం. ప్రయాణం సుఖంగా సాగాలంటే పొడి కాలమే మేలు. కాని తోట నిండుగా ఉండేది వానల్లో. తురాయి చెట్లు విరగబూసేదీ ఏడాది మధ్యలోనే. జనవరిలో వెళ్ళేవారు ఆ ఎరుపును ఆశించవద్దు. ఒక్కటే తోటకు సగం రోజు కేటాయించండి. ఒక రోజులో మూడు తోటలు చూపించే కారు ఏర్పాట్లు ఉన్నాయి, వాటిని నేను సిఫారసు చేయను.

తెరిచే వేళకే వెళితే పక్షులు, చల్లదనం, తక్కువ జనం దొరుకుతాయి. పర్యాటకుల ఓడలు రేవులో ఆగే రోజుల్లో పగలు గుంపులు వస్తాయి. ఓడల రాక ఏ రోజున ఉందో ముందే కనుక్కోండి. జారని అడుగు గల బూట్లు, నీళ్ళ సీసా, దోమల మందు తప్పనిసరి. నీడలో నీరు పట్టుకుని ఉండే బ్రొమీలియాడ్ (అనాస కుటుంబపు) మొక్కల ఆకుల మొదళ్ళు దోమలకు ఆవాసం, డెంగీ దోమ పగలే కుడుతుంది. సైనికుల దుస్తుల వంటి మచ్చల బట్టలు, టోపీలు, సంచులు మాత్రం పెట్టెలో పెట్టవద్దు. బార్బడోస్‌లో పౌరులు వాటిని ధరించడం నేరం, చిన్నపిల్లలకు కూడా మినహాయింపు లేదు.

ధర విషయంలో మీరు చూసిన రెండు అంకెలూ నిజమే అయి ఉండవచ్చు. 1975 నుంచి రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికన్ డాలరుకు సమానంగా స్థిరపడి ఉన్నాయి, రెండూ చెల్లుతాయి. ఎవరు ఏ ధర చెప్పినా, ఏ డాలరో అడగండి. టాక్సీలకు మీటర్లు ఉండవు, ఎక్కే ముందే ఆ ప్రశ్న వేయడం అవసరం.

ప్రశ్న: ఆరేళ్ళ మనవడితో వెళ్తున్నాము. తోటలో విషపు మొక్కలు ఉంటాయా?

సమాధానం: అలంకారపు మొక్కలలో చాలావాటి పాలు, రసం నోటిలో పడితే మంటపెడతాయి కాబట్టి, ఏదీ తుంచకూడదని, నోట్లో పెట్టుకోకూడదని ముందే చెప్పండి. అసలు ప్రమాదం తోటలో కాదు, తోట చూశాక వెళ్ళే సముద్రతీరంలో ఉంది. అక్కడ పెరిగే మంచినీల్ అనే చెట్టు పేరు మన చెవికి మంచినీళ్ళలా వినిపించినా, అది నిలువెల్లా విషం. చిన్న పచ్చ యాపిల్ వంటి దాని పండు తింటే గొంతు కాలిపోతుంది. వానలో ఆ చెట్టు కింద నిలబడితే ఆకుల మీదుగా జారిన నీటికి ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. చాలా చోట్ల కాండానికి ఎర్రరంగు పట్టీ వేసి హెచ్చరిస్తారు. తోటలో ఎదురయ్యే పచ్చకోతులకు తిండి పెట్టనివ్వకండి. మూడు వందల ఏళ్ళకు పైగా అక్కడ ఉంటున్న ఆ పశ్చిమాఫ్రికా కోతులు మనుషులకు భయపడవు.

ప్రశ్న: నేను తాళపత్ర ప్రతుల సేకరణలో కొంతకాలం పనిచేశాను. మన శ్రీతాళం బార్బడోస్‌లో ఉందని ఎవరో చెప్పారు. నిజమా? అది ఉన్న తోట కూడా ఒకరి ఇంటి తోటేనా?

సమాధానం: నిజమే. హంట్స్ గార్డెన్స్ ఉన్న సెయింట్ జోసెఫ్ పారిష్‌లోనే, అట్లాంటిక్ తీరాన బత్షీబా అనే చోట ఆండ్రోమెడా అనే తోట ఉంది. ఐరిస్ బానకీ అనే ఉద్యానవేత్త 1954లో తన ఇంటి చుట్టూ దాన్ని మొదలుపెట్టారు. రాతి బండల మధ్య పెరిగిన తోట కాబట్టి, గ్రీకు పురాణంలో సముద్రపు ఒడ్డున రాతికి గొలుసులతో బంధింపబడిన ఆండ్రోమెడా పేరు దానికి పెట్టారు. 1988లో ఆవిడ మరణించినప్పుడు తోట నేషనల్ ట్రస్టుకు చెందింది. కనుక నేడది ఒకరి సొత్తు కాదు, కాని వేసిన చేయి ఒకరిదే. గొయ్యిలో ఉన్న హంట్స్ గార్డెన్స్‌కు గాలి తగలదు. ఇది గాలికి ఎదురుగా వాలు మీద, ఒక వాగును మధ్యలో ఉంచుకుని పెరిగింది. రెండూ వేర్వేరు రోజుల్లో చూస్తే, నేల మారితే తోట వేసే చేయి ఎలా మారుతుందో బాగా తెలుస్తుంది.

అక్కడి తాటి జాతుల సేకరణలో శ్రీతాళం ఉంది. దక్షిణ భారతం, శ్రీలంకలకు చెందిన ఈ చెట్టు ముప్పై నుంచి ఎనభై ఏళ్ళు పెరిగి, జీవితంలో ఒక్కసారి, కొమ్మలు కొమ్మలుగా చీలిన బ్రహ్మాండమైన పూలగుత్తిని తల మీద ఎత్తుతుంది. మొక్కల ప్రపంచంలో అంతకంటే పెద్ద శాఖాయుత పుష్పగుచ్ఛం లేదు. కాయలు పండాక చెట్టు చనిపోతుంది. మీరు వెళ్ళే ఏడాది అది ఏ దశలో ఉంటుందో నేను చెప్పలేను. గేటు దగ్గర 'టాలిపాట్' అని అడగండి. శ్రీతాళం అంటే వారికి తెలియదు. లోపలికి వెళ్ళగానే 'గుడ్ మార్నింగ్' చెప్పి ఆ తరువాతే ప్రశ్న వేయడం ఆ దేశపు మర్యాద. పలకరింపు లేకుండా ప్రశ్న వేయడాన్ని అక్కడ మొరటుతనంగా భావిస్తారు. ఆ ఆకు మీద మన పూర్వులు గంటంతో ఎలా రాసేవారో మీరు తోటమాలికి చెబితే ఆయన సంతోషిస్తాడనే నా నమ్మకం, వీలైతే మీ దగ్గరున్న ప్రతులలో ఒకదాని ఫోటో వెంట తీసుకువెళ్ళండి.